వార్మ్ టోన్ గిటార్ కొనే ముందు జాగ్రత్తలు

వార్మ్ టోన్ అంటే మెత్తగా, నిండుగా పలికే శబ్దం. అలాంటి గిటార్ కోసం ఆబిడ్స్‌కో సికింద్రాబాద్‌కో బయల్దేరే ముందు ఇవి ఒకసారి చూసుకోండి.

• పైచెక్క ఏమిటో అడగండి. స్ప్రూస్ అయితే సాధారణంగా ఖంగుమంటుంది. సీడర్, మహోగనీ మెత్తగా, నిండుగా పలుకుతాయి. "సాలిడ్ టాప్ సార్" (అంటే పైచెక్క ప్లైవుడ్ కాదని) అనే మాటతో ఆగకండి. ఫోన్ టార్చ్ వేసి సౌండ్‌హోల్ (గిటార్ మధ్యలోని గుండ్రటి రంధ్రం) అంచు చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మందంలోకీ అలాగే దిగితే పొరలు లేని అసలు చెక్క. పొరలు కనిపిస్తే ప్లైవుడ్డే. అంచుకు రంగు పూసి ఉంటే మాత్రం మోడల్ వివరాలు కంపెనీ సైట్‌లో చూసుకోవాల్సిందే.

• తీగలు చెవిని మోసం చేస్తాయి. కొత్త 80/20 బ్రాంజ్ (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్) తీగలు గలగలలాడతాయి, ఫాస్ఫర్ బ్రాంజ్ కాస్త మెత్తన. తుప్పు పట్టిన తీగల మొద్దు శబ్దాన్ని వార్మ్ టోన్ అనుకోకండి. వేరువేరు గిటార్లను పోల్చేటప్పుడు తీగలు ఏవో, ఎంత పాతవో అడగండి.

• మీరు వాయించడమే కాదు, వేరొకరి చేత వాయింపించి ఎదురుగా నిలబడి వినండి. పక్కన ఎవరో డ్రమ్స్ బాదుతుంటే ఆగండి, తొందరేం లేదు.

• పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర లావు తీగ ఎత్తు 3 మి.మీ. దాటితే వేళ్లకు శిక్షే. సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేసిస్తారేమో బిల్లుకు ముందే తేల్చుకోండి.

• బ్రిడ్జ్ (తీగలు బిగించిన పైచెక్క మీది పట్టీ) కింద కాగితం దూరుతోందా? అది ఊడుతోందన్నమాట, ఆ గిటార్ వద్దు.

• ఇంటికి తెచ్చేటప్పుడు మే ఎండలో కారులో వదిలేయకండి, జిగురు మెత్తబడుతుంది.