పెళ్లి ఆల్బమ్ సమస్యలు: తప్పు ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఏం చేయొచ్చు

పెళ్లి ఆల్బమ్ నాలుగు చేతులు మారి మీ ఇంటికొస్తుంది. ఫోటోలు తీసినవాళ్లు, వాటిలోంచి ఏరిన మీరు, షీట్లు డిజైన్ చేసినవాళ్లు, ప్రింట్ వేసి బైండింగ్ చేసిన ల్యాబ్. ఏ చిన్న తేడా వచ్చినా అందరం ఫోటోగ్రాఫర్‌కే ఫోన్ చేసి గట్టిగా అడుగుతాం, ఎందుకంటే మనకు తెలిసిన మొహం ఆయనదొక్కటే. నేను ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను కాబట్టి రెండు వైపుల మాటలూ రోజూ నా చెవిన పడుతుంటాయి. తప్పు ఏ చేతిలో జరిగిందో ముందు తేల్చుకుంటే ఏది మళ్లీ చేయించుకోవచ్చో, దేనికి డబ్బు తగ్గించమని అడగొచ్చో, ఏది ఇక దొరకదో తెలిసిపోతుంది. అందుకే ఎక్కువగా వినే ఫిర్యాదులను ఆ లెక్కలో రాస్తున్నాను.

పెళ్లయి నెలలు గడిచాయి, ఆల్బమ్ ఇంకా రాలేదు

ముందు మీ ఇంట్లోనే ఒక మాట అడగండి: సెలక్షన్ ఇచ్చేశారా? ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. రెండు రోజుల పెళ్లిని ఇద్దరు ముగ్గురు తీస్తే ఫోటోలు వేలల్లో వస్తాయి. హార్డ్ డిస్క్ అమ్మాయి వాళ్లింట్లో ఉంటుంది, అబ్బాయి బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటాడు, అత్తగారు మా వైపు వాళ్లవి తక్కువ పెట్టారంటారు, ఆడపడుచు చూడకుండా ఫైనల్ చేయొద్దంటారు, ఈలోగా సంక్రాంతి వస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఆ మాటే ఎత్తరు. ఫోటోగ్రాఫర్ కూడా గుర్తుచేయడు, ఆయన చేతిలో వేరే పెళ్లిళ్లు ఉంటాయి.

దీనికి మందు ఒకటే, చెరో వైపు నుంచి ఒక్కరు. ఆ ఇద్దరి మాటే ఫైనల్ అని ఇంట్లో ముందే అనుకోండి. పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానాలు, ఎదుర్కోలు, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్ అని వేడుకకో ఫోల్డర్ పెట్టుకుని, ఒక్కో దానికి ఎన్ని షీట్లో ముందు రాసుకుని, ఆ తర్వాత ఫోటోలు ఏరండి. లెక్క తేలిక: 40 షీట్ల ఆల్బమ్‌కి షీట్‌కి నాలుగైదు చొప్పున 160 నుంచి 200 ఫోటోలు. 450 ఇస్తే డిజైనర్ కాదనడు, అన్నీ ఎక్కిస్తాడు, కానీ ఒక్కో మొహం తపాలా బిళ్లంత అవుతుంది. ఇచ్చేటప్పుడు స్క్రీన్‌షాట్లు పంపకండి, ఫైల్ నంబర్లు రాసి పంపండి. ఒకే భంగిమలో వరసగా తీసిన ఆరు ఫోటోల్లో మీరు మెచ్చింది ఏదో స్క్రీన్‌షాట్ చూసి పోల్చుకోవడం మాకు చాలా కష్టం.

సెలక్షన్ ఇచ్చేశాక కూడా రాలేదంటే ఇంకో రెండు కారణాలుంటాయి. ఒకటి బ్యాలెన్స్ డబ్బు. ల్యాబ్‌కి ఫోటోగ్రాఫర్ ముందే కట్టాలి, మీ దగ్గర్నుంచి రాకపోతే ఆయన సొంత డబ్బు పెట్టడు. రెండోది సీజన్. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం... ముహూర్తాలున్న నెలల్లో ఫోటోగ్రాఫర్లు నిద్ర కూడా సరిగ్గా పోరు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, మిగిలిపోయిన ఆల్బమ్‌లన్నీ అప్పుడే కదులుతాయి. కాబట్టి వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో పెళ్లయినవాళ్లు సెలక్షన్‌ని ఆషాఢం మొదలయ్యేలోపు చేతిలో పెట్టండి, పెట్టాక వారానికోసారి ఫోన్ చేయండి. అది మంచి సమయం, వదులుకోకండి.

అసలు ముహూర్తం ఫోటోయే సరిగ్గా లేదు

అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి. అడ్డుతెర దించుతారు, మేళం గట్టిగా మోగుతుంది, పంతులుగారు ఇద్దరి చేతులూ పట్టుకుని నెత్తి మీద పెట్టించడానికి ముందుకు వంగుతారు, మేనమామలు వెనక నుంచి తోసుకొస్తారు, వందమంది ఒక్కసారిగా లేచి అక్షింతలు విసురుతారు, ఆ చేతుల్లోనే ఫోన్లు కూడా ఉంటాయి. వీడియో తీసేవాళ్లు సరిగ్గా మధ్యలో నిలబడతారు. ఫోటో తీసేవాళ్లకి దొరికేది కొద్ది క్షణాలే. అందులో పంతులుగారి వీపు అడ్డొస్తే ఎంత పెద్ద కెమెరా ఉన్నా చేసేదేం లేదు.

ఇప్పుడు చేయగలిగింది వెతకడమే. క్యాండిడ్ తీసినవాళ్ల దగ్గర పక్క నుంచి తీసిన ఫోటో ఉండొచ్చు, ఆ ఒక్క అరగంటవి వడపోయకుండా ఉన్న ఫోటోలన్నీ చూపించమనండి. దొరక్కపోతే వీడియో. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 3840×2160 పిక్సెల్స్ ఉంటుంది, అంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 12 అంగుళాల వెడల్పు దాకా శుభ్రంగా ప్రింట్ అవుతుంది. ఫుల్ హెచ్‌డీ అయితే ఆరు అంగుళాలే. ఎడిట్ చేసిన వీడియోలోంచి కాకుండా ఒరిజినల్ ఫుటేజీలోంచి, చేతులు కదలకుండా ఆగిన క్షణం చూసి ఫ్రేమ్ తీయించండి, కదులుతున్నప్పుడు తీస్తే అలికినట్టుంటుంది. ఆ పైన బంధువుల ఫోన్లు. ఈ రోజుల్లో మూడో వరసలో కూర్చున్న పిన్నిగారి ఫోన్లో మంచి ఫోటో ఉన్నా ఆశ్చర్యం లేదు, గ్రూపులో అడగండి.

పెళ్లి ఇంకా జరగని ఇళ్లవాళ్లు ఈ ఒక్క పని చేయండి: ముహూర్తానికి గంట ముందు పంతులుగారిని, ఫోటోగ్రాఫర్‌ని ఒకచోట నిలబెట్టి, మీరెటు నిలబడతారు, నేనెటు నిలబడాలి అని వాళ్లే మాట్లాడుకునేలా చేయండి. మండపం ముందు మనుషులు గుమిగూడకుండా చూడటానికి ఇంట్లో కాస్త గొంతున్న బావనో బాబాయినో పెట్టండి. ఆ పని ఫోటోగ్రాఫర్ చేస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, ఇంటి మనిషి చెబితే జరుగుతారు.

మొహాలు ఊదా రంగులో ఉన్నాయి, వెనక చారలొచ్చాయి

రెండూ వేర్వేరు జబ్బులు. ఊదా, గులాబీ రంగు స్టేజీ లైట్ల వల్ల. డెకరేషన్ వాళ్లు రంగు లైట్లు నేరుగా మనుషుల మొహాల మీదకి కొడతారు, పసుపు రాసిన చర్మం మీద అది పడితే అసలు రంగేమిటో కెమెరాకి అందదు. రా ఫార్మాట్‌లో (కెమెరాకి అందిన వివరాలన్నీ కుదించకుండా దాచే ఫైల్) తీసి ఉంటే కరెక్షన్‌లో చాలావరకు దారికొస్తుంది, జేపెగ్ మాత్రమే ఉంటే కొంతే. అందుకే ఎడిట్ చేసిన కాపీ మీద మళ్లీ ఎడిట్ చేయించకండి, ఒరిజినల్ నుంచి మొదలుపెట్టమనండి. అప్పటికీ లొంగకపోతే ఆ షీట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేయించడం నయం.

చారలు ఎల్‌ఈడీ వాల్ వల్ల, చవక ఎల్‌ఈడీ లైట్ల వల్ల. అవి కంటికి కనపడనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, షట్టర్ స్పీడు ఎక్కువ పెడితే ఆ ఆరిన భాగం చారగా పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్‌ని సెకనులో 1/50, 1/100 వంతు దగ్గర పెడితే మామూలు లైట్లతో గొడవ తగ్గుతుంది, వాల్ అయితే ముందే రెండు మూడు టెస్ట్ షాట్లు తీసి చూసుకోవాల్సిందే. పడ్డ చారలను మొహాల మీద నుంచి పూర్తిగా తీయడం కష్టం. వెనక గోడ మీదే ఉంటే బ్యాక్‌గ్రౌండ్ మార్చొచ్చు. హాల్ వాళ్లతో, డెకరేషన్ వాళ్లతో మాట్లాడేటప్పుడే ముహూర్తానికి మండపం మీద తెల్లని లైట్లు మాత్రమే ఉంచండని చెప్పేయండి, పైసా ఖర్చు లేని పని.

ఫోన్లో బాగుంది, ఆల్బమ్‌లో నల్లగా వచ్చింది

ఫోన్ స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు. బ్రైట్‌నెస్ నిండుగా పెట్టి చూసిన ఫోటో ప్రింట్‌లో ఒక మెట్టు తగ్గే కనిపిస్తుంది. ఎర్ర పట్టుచీరల విషయంలో ఇది ఇంకా ఎక్కువ, రంగు పెంచిన కొద్దీ జరీ గీతలు ఎరుపులో కలిసిపోతాయి. మధుపర్కాలకు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, వెలుగు ఎక్కువైతే తెల్లబట్ట నేత కనపడకుండా ఉత్త తెల్లగా మిగులుతుంది. ఒక షీట్ టెస్ట్ ప్రింట్ అడగండి: ముహూర్తం షీట్ ఒకటి, మీరు ఎంచుకున్న కాగితం మీదే. మెటాలిక్ మీద మెరుపు, కాంట్రాస్ట్ ఎక్కువ, మ్యాట్ మీద రంగులు మెత్తగా ఉంటాయి కానీ వేలిముద్రలు తక్కువ పడతాయి. నా అభిప్రాయం అడిగితే చేతులు మారే పెళ్లి ఆల్బమ్‌కి మ్యాటే మేలు. ఆల్బమ్ మొత్తం నల్లగా వచ్చేసిందంటే, ఆ టెస్ట్ షీట్ పక్కన పెట్టి చూపించండి. తేడా ఉంటే ల్యాబ్ తప్పు, మళ్లీ వేయించే బాధ్యత వాళ్లది. టెస్ట్ ప్రింటే చూడకుండా ఓకే చెప్పి ఉంటే అడగడం కష్టమే.

అమ్మమ్మ మొహం మడతలో పడింది, పేరులో ఒత్తులు విడిపోయాయి

ఇది డిజైన్ తప్పు, ప్రింట్‌కి వెళ్లకముందు రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. 12×36 షీట్ సరిగ్గా 18 అంగుళాల దగ్గర మడత పడుతుంది. డిజైన్ పంపగానే ప్రతి షీట్ మధ్యలో ఒక స్కేల్ నిలువుగా పెట్టి చూడండి. మడత మీద ఎవరి మొహమూ ఉండకూడదు. గ్రూప్ ఫోటోని షీట్ మొత్తం పరిచినప్పుడు మధ్యలో నిలబడేది ఎప్పుడూ పెళ్లికూతురు, పెళ్లికొడుకు, లేదంటే ఇంటి పెద్దావిడ. వాళ్లే మడతలో పడతారు. ఫోటోని కాస్త పక్కకి జరిపితే సరిపోతుంది. అంచుల్లో కూడా అర అంగుళం దాకా ఏ తలా, ఏ అక్షరమూ ఉండకూడదు, కటింగ్‌లో పోతాయి.

తెలుగులో పేర్లు వేయించుకునేవాళ్లు కవర్‌ని అక్షరం అక్షరం చదవండి. లక్ష్మి, కృష్ణ, ఐశ్వర్య లాంటి పేర్లలో ఒత్తులు కింద చేరకుండా పక్కకొచ్చి పడుతుంటాయి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగుకి (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా టైప్ చేసే తెలుగు) టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేయాలి, చాలామంది డిజైనర్లకి తెలుగు చదవడం రాదు కాబట్టి తప్పు వాళ్లకి కనపడదు. మీ పేరు సరైన రూపంలో రాసి ఫోటో తీసి పంపితే పోల్చుకుంటారు.

కొన్ని ఫోటోలు మసక మసకగా ఉన్నాయి

బంధువులు వాట్సాప్‌లో పంపినవి అయ్యుంటాయి. మామూలుగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెల్స్ దగ్గరికి కుదించేస్తుంది, అది ఐదు అంగుళాల ప్రింట్‌కే సరిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్ లింక్ అడగండి. పోల్చి చూడాలంటే 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6000 పిక్సెల్స్, అంటే 20 అంగుళాలు.

మా మేనత్త ఫోటో ఒక్కటీ లేదు

ఎవరు ఎవరో ఫోటోగ్రాఫర్‌కి తెలియదు. పెళ్లినాడు ఆయన పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండి, వీళ్లు పెద్దమ్మ, వీళ్లు తాతగారి తమ్ముడు అని చెబుతూ పిలుచుకురావాలి. అయిపోయిన పెళ్లికైతే రిసెప్షన్ స్టేజీ ఫోటోలు, భోజనాల దగ్గర తీసిన వీడియో వెతకండి, ఎక్కడో ఒకచోట ఉంటారు.

వీడియో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కట్లేదు, టీవీలో ఆడట్లేదు

పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి, లోపల ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకోండి. శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే టీవీకి హెచ్.265 (వీడియోని కుదించే ఒక పద్ధతి) అర్థం కావట్లేదేమో, హెచ్.264లో ఇంకో కాపీ అడగండి.

ఫోటోలు ఇవ్వట్లేదు, లేదా అడక్కుండా ఇన్‌స్టాలో పెట్టారు

కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17(బి) ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అయితే ముందే సంతకం పెట్టిన కాగితంలో వేరేలా రాసి ఉంటే అదే చెల్లుతుంది, కాబట్టి బుకింగ్ రోజు చదవండి. కాగితం లేకపోయినా ఎన్ని కెమెరాలు, ఎన్ని షీట్లు, ఏ సైజు, ఎన్నాళ్లకి, మొత్తం ఎంత, పోస్ట్ చేయడానికి మన అనుమతి కావాలా అన్నవి వాట్సాప్‌లో రాసి ఓకే అనిపించుకోండి, రేపు అదే ఆధారం.

అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఎత్తని మనిషైతే, ముందు తేదీ పెట్టి రాతపూర్వకంగా అడగండి, ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ఫోటోగ్రాఫర్ ఊరికి తిరగక్కర్లేదు, గడువు రెండేళ్లు. కోపంలో గూగుల్‌లో తిట్లు రాసే ముందు ఫోటోలు చేతికి తెచ్చుకోండి.

పేజీలు అతుక్కున్నాయి, తెల్ల మచ్చలొచ్చాయి

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఈ బాధ ఎక్కువ, సముద్రపు తేమ. అతుక్కున్న పేజీలను బలంగా లాగకండి, రంగు ఊడి అవతలి పేజీకి అంటుకుంటుంది. తడిబట్టతో తుడవకండి. ఫ్యాన్ గాలి తగిలే గదిలో తెరిచి ఉంచి, మెల్లగా వదులవుతుందేమో చూసి, వదలకపోతే ల్యాబ్‌కే ఇవ్వండి. ఇకనుంచి బీరువాలో బట్టల మధ్య కాకుండా పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచి, ఎండాకాలంలో, వానల తర్వాత ఓసారి తిరగేయండి.

పాడైపోయిన ఆల్బమ్‌ని మళ్లీ అలాగే చేయించుకోవచ్చు, కానీ విడి ఫోటోలుంటే చాలదు, డిజైన్ చేసిన షీట్ల ఫైల్స్ కావాలి. డిజైనర్లు వాటిని ఏళ్ల తరబడి దాచరు, డిస్క్ నిండగానే తీసేస్తారు. అందుకని చివరి డబ్బు ఇచ్చే రోజున, కవర్‌తో సహా అన్ని షీట్ల ఫైనల్ జేపెగ్‌లు పూర్తి సైజులో అడిగి తీసుకోండి, ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఆన్‌లైన్‌లో, ఇంకొకటి రెండో ఇంట్లో ఉంచండి.