స్లీప్ ఆప్నియా అంచనాలో అల్ట్రాసౌండ్: గడ్డం కింద ప్రోబ్‌తో ఏం కొలవాలి, ఎంతవరకు నమ్మాలి

నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఎంత తీవ్రంగా ఉందో తేల్చేది, నిద్రలో శ్వాస తీరును రికార్డు చేసే స్లీప్ స్టడీయే. గంట నిద్రలో శ్వాస పూర్తిగా ఆగిన సందర్భాలనూ, బాగా తగ్గిన సందర్భాలనూ కలిపి లెక్కించే ఏహెచ్ఐ పెద్దవారిలో 5 నుంచి 15 లోపు ఉంటే వ్యాధి స్వల్పం, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థం, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రం. అల్ట్రాసౌండ్ ఈ లెక్క చెప్పలేదు. మెలకువగా ఉన్న మనిషి నాలుక ఎంత మందంగా ఉందో, గొంతు పక్కగోడలు ఎంత మందంగా ఉన్నాయో మాత్రమే అది చూపుతుంది. అయినప్పటికీ, స్లీప్ స్టడీకి చాలా రోజులు ఆగాల్సిన చోట ఎవరిని ముందుగా పంపాలో, ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుడు ఎవరి గొంతు విషయంలో ఎక్కువ జాగ్రత్తపడాలో నిర్ణయించుకోవడానికి ఈ కొలతలు ఉపయోగపడతాయి.

స్కానింగ్‌కు ముందే, గురక, పగటి అలసట వంటి వాటి ద్వారా స్లీప్ ఆప్నియా ముప్పును అంచనా వేసే స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు ఎనిమిదీ అడిగి, మెడ చుట్టుకొలత, బరువు, ఎత్తు, రక్తపోటు రాసుకోవాలి. ఈ వివరాలు లేకుండా నాలుక మందం ఒక్కటే చూసి ఏదీ చెప్పలేము. మన దేశంలో మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రమున్న కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గొంతు మాత్రమే చూస్తాము గదా అని చేతిలో ఇమిడే చిన్న యంత్రాన్ని కొని క్లినిక్‌లో పెట్టుకుంటే కుదరదు.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తల అటు వెనక్కి వాలకుండా, ఇటు ముందుకు వంగకుండా ఉంచాలి. ఎత్తైన దిండు పెడితే గడ్డం మెడకు ఆనుకుని ప్రోబ్‌కు చోటే ఉండదు. పెదవులు మూసి, నాలుక కొనను కింది పళ్ల వెనుక తేలికగా ఆనించి, మామూలుగా ముక్కుతో గాలి పీల్చమని చెప్పాలి. నాలుక లోతుగా ఉంటుంది కనుక 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్ వాడాలి. జెల్ ధారాళంగా వేసి ప్రోబ్‌ను చర్మం మీద ఆనించాలే తప్ప నొక్కకూడదు. గడ్డం కింది కొవ్వు మెత్తగా అణిగిపోతుంది కాబట్టి, చేతి బరువు కాస్త పెరిగినా మందం కొన్ని మిల్లీమీటర్లు తగ్గి కనిపిస్తుంది. కొలతలు ఒకరికొకరికి కలవకపోవడానికి నా దృష్టిలో ప్రధాన కారణం ఇదే.

మొదట ప్రోబ్‌ను గడ్డం కింద సరిగ్గా మధ్యగీత వెంట, నిలువుగా పెట్టాలి. తెర మీద ఒకవైపు దవడ ఎముక నీడ, మరోవైపు గొంతు పైభాగంలో ఉండే హయాయిడ్ ఎముక నీడ, రెండింటి నడుమ విసనకర్రలా విచ్చుకున్న నాలుక కండరం కనబడితే చోటు సరైనదే. నాలుక పైభాగం, దాని మీది గాలి కలిసే చోట తెల్లగా మెరిసే వంపు గీత వస్తుంది. ఆ గీత దాటాక కనబడేదంతా గాలి వల్ల వచ్చే మాయాచిత్రమే కనుక దాన్ని కొలవకూడదు. చర్మం నుంచి ఆ వంపులో అత్యంత ఎత్తైన బిందువు దాకా, ఊపిరి వదిలిన చివర బొమ్మను నిలిపి కొలవాలి. మింగుతున్న క్షణంలో తీసిన బొమ్మను పక్కన పెట్టి, మూడు కొలతల సగటు తీసుకోవాలి.

తర్వాత ప్రోబ్‌ను అడ్డంగా తిప్పి, రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ ఆన్ చేసి, రెండు వైపులా నాలుక ధమనులను వెదకాలి. రంగు రాకపోతే డాప్లర్ వేగపు స్కేలు తగ్గించి చూడాలి. రెండింటి మధ్య దూరం నాలుక మొదలు ఎంత వెడల్పుగా ఉందో చెబుతుంది. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం 30 మిల్లీమీటర్లు దాటడాన్ని అనుమానించదగ్గ గుర్తుగా తీసుకుంది.

పక్కగోడ మందం కొలవడం వీటికన్నా కష్టం. చెవి వెనుక ఎముక దిగువన ప్రోబ్‌ను ఏటవాలుగా పెట్టి, మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే అంతర్గత కెరోటిడ్ ధమనిని డాప్లర్‌తో నిర్ధారించుకుని, ధమని లోపలి అంచు నుంచి గొంతులోని గాలి గీత దాకా కొలవాలి. హాంకాంగ్ వైద్యులు 2007లోనే ఈ మందానికీ ఏహెచ్ఐకీ సంబంధం ఉన్నట్లు చూపారు. దవడ నీడ అడ్డొచ్చి గాలి గీత తెగిపోతుంటే అంచనాగా గీత గీయకుండా, ‘కొలవడం కుదరలేదు’ అని రాయడమే సరైన పద్ధతి.

చివరగా ముల్లర్ పరీక్ష చేయవచ్చు. ముక్కు, నోరు మూసుకుని బలంగా గాలి పీల్చే ప్రయత్నం చేయమని చెప్పి, ఆ సమయంలో వీడియో తీయాలి. ఈ స్థితిలో నాలుక మొదలు మందం సుమారు 60 మిల్లీమీటర్లు మించడాన్ని కొందరు పరిశోధకులు తీవ్రవ్యాధికి సూచనగా తీసుకున్నారు. కానీ ఒకరు గట్టిగా, మరొకరు మొహమాటంగా పీలుస్తారు కాబట్టి, ఈ అంకెకు మామూలు శ్వాసలోని కొలత కన్నా ఎక్కువ విలువ ఇవ్వడం నాకు సమ్మతం కాదు. పైగా ఈ హద్దులన్నీ ఆయా అధ్యయనాల్లోని మనుషులవి. పొడవూ బరువూ వేరైన మన రోగికి అవే యథాతథంగా వర్తిస్తాయనుకోకూడదు.

రిపోర్టులో పడుకున్న భంగిమ, శ్వాసదశ, ప్రోబ్ రకం, ప్రతి కొలతా రాసి, ‘స్లీప్ ఆప్నియాకు అనుకూలమైన గొంతు నిర్మాణం, స్లీప్ స్టడీ అవసరం’ అన్న తరహాలో ముగించాలి. ‘తీవ్రమైన స్లీప్ ఆప్నియా’ అని అల్ట్రాసౌండ్ మీదే రాయకూడదు. అదే విధంగా, కొలతలన్నీ మామూలుగా ఉన్నా, పగలు స్టీరింగ్ ముందు కునుకు తీసే లారీ డ్రైవరును గానీ, రాత్రి ఊపిరి ఆగుతోందని భార్య చెబుతున్న మనిషిని గానీ ఆ రిపోర్టు చేతికిచ్చి ఇంటికి పంపకుండా, స్లీప్ స్టడీకి రాయాలి.