రక్త సేకరణ, ఆరో పాఠం: లేని పొటాషియం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ పాఠంలో వేలి కొసన రక్తం తీయడం చెప్పవలసి ఉంది. దాన్ని వాయిదా వేస్తున్నాను. గత పాఠంలో టోర్నికెట్ (చేతికి బిగించే పట్టీ) కట్టడం, సిరను వేలితో తడిమి గుర్తుపట్టడం, సూది దించడం చూశాం. చాలామందికి మొదటి పోటులోనే రక్తం వచ్చిందని రాశారు, సంతోషం. కానీ ఆ ఉత్తరాల్లోనే రెండో పేరా నుంచి మొదలైంది అసలు గొడవ. సిర దొరికింది, ట్యూబులు నిండాయి, తీరా ల్యాబ్ శాంపిల్‌ను తిప్పి పంపింది. లేదా పొటాషియం ఆరు దాటిందని డాక్టరు కంగారుపడి మళ్లీ తీయించారు. రెండోసారి అదే మనిషికి నాలుగు పాయింట్ రెండు వచ్చింది.

సూది సరిగ్గా దిగడం పనిలో సగమే. మిగతా సగం ఎలా జరిగిందో పొటాషియం చెబుతుంది. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది. ఎర్ర కణం లోపల అంతకు ఇరవై రెట్లకు పైనే. కణాలు కాసిని పగిలినా, కండరం కాస్త శ్రమించినా లోపలిది బయటికి వస్తుంది. సోడియం సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది, అందుకే మన తప్పులు సోడియంలో అంతగా బయటపడవు.

ముందుగా గుప్పిట. గత పాఠంలో ‘గుప్పిట మూసి ఉంచమనండి’ అన్నాను. మూసి ఉంచడం వేరు, మూస్తూ తెరుస్తూ ఉండడం వేరు. సిర సరిగ్గా కనబడనప్పుడు ‘గట్టిగా మూయండి, తెరవండి, మళ్లీ మూయండి’ అని తొందరపెడుతున్నారు. టోర్నికెట్ కట్టి ఉన్న చేతిలో ముంజేతి కండరాలు అలా పనిచేస్తే పొటాషియం ఒక మిల్లీమోల్‌కు పైగా పెరగవచ్చు. 4.3 ఉన్న ఆరోగ్యవంతుడికి 5.5 వస్తుంది. ఇందులో ఎర్ర కణాలు పగలవు కాబట్టి సీరం చక్కగా గడ్డి రంగులో తేటగా ఉంటుంది, ల్యాబ్‌లో ఎవరికీ అనుమానం రాదు. పగిలిన కణాలు సీరాన్ని ఎర్రగా చేసి దొరికిపోతాయి, గుప్పిట దొరకదు. సిర కనబడకపోతే చేయి కిందికి వేలాడదీయించండి, వెచ్చటి గుడ్డ మూడు నుంచి అయిదు నిమిషాలు కప్పి ఉంచండి, రెండో చెయ్యి చూడండి. గుప్పిటతో వ్యాయామం మాత్రం వద్దు.

తర్వాత టోర్నికెట్. ఒక్క నిమిషం. ఈ మాట అందరూ చదివారు, గడియారం ఎవరూ చూడలేదు. సిర వెతకడానికే నిమిషం గడిచిపోతే పట్టీ విప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ కట్టాలి. ఆ వ్యవధిలో సూది, ట్యూబులు, దూది, టేపు సిద్ధం చేసుకోవచ్చు. ఎక్కువసేపు బిగించి ఉంచితే నీరు సిరలోంచి చుట్టూ ఉన్న కణజాలంలోకి జారుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్లు, వాటిని అంటిపెట్టుకునే కాల్షియం, కొలెస్ట్రాల్, కణాల సంఖ్య అన్నీ కాస్త పైకి కనబడతాయి. మొదటి ట్యూబులోకి రక్తం దూకగానే నేను పట్టీ వదులు చేస్తాను, గుప్పిట కూడా తెరవమంటాను. కొందరు చివరి ట్యూబు దాకా ఉంచుతారు, లేకపోతే ధార ఆగిపోతుందని భయం. మంచి సిరలో ధార ఆగదు. ఆగిందంటే సూది మొన సరైన చోట లేదు.

స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రోగికి మంట, శాంపిల్‌లో కణాలకు చేటు. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచాక ముప్పై సెకన్లు ఆగండి, ఊదవద్దు, చేత్తో విసరవద్దు. పెద్దవాళ్లకు 21 గేజ్ సూది చాలు. సన్నటి సూదితో పెద్ద సిరంజి లాగడం, పిస్టన్‌ను ఒక్కసారిగా గుంజడం, ఆ రక్తాన్ని ట్యూబు మూతలోంచి బలంగా నెట్టడం, ఈ మూడూ ఎర్ర కణాలను చీల్చేవే. సిరంజితో తీయక తప్పకపోతే ట్రాన్స్‌ఫర్ పరికరం పెట్టి, ట్యూబులోని శూన్యం తనంతట తాను లాక్కునేలా వదిలేయండి. ఇంతకంటే దీనిమీద చెప్పడానికేమీ లేదు.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండించిన విషయం. ఒక పాఠకురాలు పంపిన రిపోర్టులో పొటాషియం 9.6, కాల్షియం డెసిలీటరుకు 3.2 మిల్లీగ్రాములు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము 9. ఈ అంకెలు నిజమైతే మనిషి కుర్చీలో కూర్చుని ‘రిపోర్టు ఎప్పుడిస్తారు?’ అని అడిగే స్థితిలో ఉండడు. జరిగిందేమిటంటే ఎర్ర మూత ట్యూబు సగమే నిండింది, ఊదా మూత ట్యూబులో రక్తం మిగులుగా ఉంది, అందులోంచి కాస్త ఇందులో పోశారు. ఇలాగే చేశామని ఇంకా కొందరు రాశారు. ‘రక్తం అదే కదా, మనిషి అతనే కదా’ అని ఒకరి సమర్థన.

రక్తం అదే, ట్యూబు అది కాదు. ఊదా మూత ట్యూబు గోడకు పూసి ఉండేది ఈడీటీఏ, సాధారణంగా దాని పొటాషియం లవణం. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసి వదలదు. అందుకే ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా కణాల లెక్కకు పనికొస్తుంది. దాన్ని ఎర్ర ట్యూబులో పోస్తే లవణంలోని పొటాషియం అంతా మీ ఫలితంలో చేరుతుంది, కాల్షియం కొలతకు అందకుండా పోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి జింక్, మెగ్నీషియం అవసరం, వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది కాబట్టి ఆ ఎంజైమూ పడుకుంటుంది. పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో, ఫాస్ఫటేజ్ దాదాపు శూన్యం, సోడియం మాత్రం చెక్కుచెదరకుండా: ఈ నాలుగూ ఒకచోట కనబడితే రోగి మూత్రపిండాలను అనుమానించే ముందు ట్యూబులు నింపిన చేతిని అడగాలి.

‘ఒక్క చుక్కే పోశాను’ అన్నవారికి: చుక్కే ఎక్కువ ప్రమాదం. ధారగా పోస్తే ఫలితం అసంభవంగా ఉండి ల్యాబ్ పట్టేస్తుంది. చుక్క పోస్తే పొటాషియం 5.6, కాల్షియం 8.1 వస్తుంది, నమ్మదగ్గట్టే కనబడుతుంది, దాని మీద మందు రాస్తారు.

‘పోయలేదు, పొరపాటున మూతలు మారాయి, వెంటనే సరిచేశాను’ అన్నవారికి: మూత అడుగున అంటిన రక్తంలోనూ ఈడీటీఏ ఉంటుంది. ట్యూబు మూత తీయవలసిన అవసరం మీకు అసలు ఎందుకు వచ్చింది?

‘తిరగేసి పోశాను, ఎర్రదాంట్లోంచి ఊదాదాంట్లోకి’ అన్నవారికి: ఎర్ర ట్యూబులో గడ్డకట్టించే పదార్థం ఉంటుంది, మీరు పోసేసరికే చిన్న చిన్న గడ్డలు మొదలై ఉంటాయి. ప్లేట్‌లెట్లు వాటిలో ఇరుక్కుంటాయి, లెక్క పడిపోతుంది.

‘రెండూ ఊదావే, రెండు సగాలు కలిపి ఒకటి చేశాను’ అన్నవారు తెలివైనవారమని అనుకున్నారు. ప్రతి ట్యూబులోనూ నిండు ట్యూబుకు సరిపడా మందు (ఈడీటీఏ) ఉంది. రెండు సగాలు కలిపితే రక్తం ఒక ట్యూబంత, మందు రెండు ట్యూబులంత. కణాలు ముడుచుకుని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వంతు) తగ్గుతుంది.

బూడిద మూత నుంచి పోస్తే? అందులో ఫ్లోరైడ్‌తోపాటు తరచూ పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది, పేరులోనే జవాబు ఉంది. ఆకుపచ్చది లిథియం హెపారిన్ అయితే, లిథియం మందు వాడే మనిషి పరీక్ష దాంతోనే పాడవుతుంది.

కాబట్టి ఏ రంగు నుంచి ఏ రంగుకైనా పోయకూడదు. రక్తం చాలకపోతే చాలలేదని ల్యాబ్‌కు చెప్పండి, ఏ పరీక్ష ముందు కావాలో డాక్టరును అడగండి, చిన్న ట్యూబు వాడండి, లేదా ఇంకో చేతిలో మళ్లీ తీయండి. రెండు పోట్లు విఫలమైతే మూడోది మీరు కాదు, ఇంకొకరు గుచ్చాలి.

ట్యూబుల వరుస మీకు కంఠతా వచ్చు కాబట్టి ఒక్కసారే: బ్లడ్ కల్చర్, లేత నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద. సూది కొస మీద ముందు ట్యూబు మందు తర్వాతి ట్యూబులోకి పోకుండా ఉండడానికే ఈ వరుస. టోర్నికెట్ ముట్టుకోకముందే ట్యూబులన్నీ ఎడమ నుంచి కుడికి ఇదే వరుసలో పేర్చుకోవడం నా అలవాటు. తీసేటప్పుడు రంగు గురించి ఆలోచించను, ఎడమ చివరిది అందుకుంటాను. ఒక్కో ట్యూబు నిండగానే తలకిందులు చేసి మామూలు స్థితికి తేవాలి, అది ఒక లెక్క. లేత నీలానికి మూడు నాలుగు, ఎరుపుకు, పసుపుకు అయిదు, మిగతావాటికి ఎనిమిది నుంచి పది. మందుసీసా కుదిపినట్టు కుదిపితే మళ్లీ హీమోలైసిస్ (ఎర్ర కణాలు పగలడం) కథే.

లేత నీలం గురించి ఇద్దరు అడిగారు. అందులో రక్తం తొమ్మిది వంతులు, గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఒక వంతు ఉండాలి. గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే సమయం లేనిపోని జాప్యం చూపిస్తుంది. శస్త్రచికిత్స వాయిదా పడటానికి అది చాలు. బటర్‌ఫ్లై సూదికి పొడవాటి గొట్టం ఉంటుంది, అందులోని గాలి మొదటి ట్యూబులోకి వెళ్లి దాని శూన్యాన్ని తినేస్తుంది. అందుకని నీలం ట్యూబే మొదటిదైతే ముందు ఒక పారేసే ట్యూబు పెట్టి గొట్టంలోని గాలి పోనివ్వండి. అది కూడా నీలానిదో, ఏ మందూ లేనిదో కావాలి. బటర్‌ఫ్లై నాకు నచ్చదు. పసిపిల్లలకు, చేతి వెనుక సిరలకు తప్ప తీయను. చూడటానికి సుకుమారంగా ఉంటుందని ప్రతివారికీ వాడుతున్నారు.

ట్యూబు చేతిలోంచి వెళ్లాక కూడా పొటాషియం పెరుగుతుంది. సీరం ట్యూబును అరగంట నిలువుగా ఉంచి, పూర్తిగా గడ్డకట్టాకే సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి కణాలను వేరుచేసే యంత్రంలో) పెట్టాలి. ‘చెడిపోకుండా’ అని వేరుచేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడుతున్నారు. చల్లదనంలో కణపు గోడలోని సోడియం పొటాషియం పంపు నెమ్మదిస్తుంది, లోపలి పొటాషియం బయటికి కారుతుంది. సీరం మాత్రం తేటగానే ఉంటుంది. బయట గంటల తరబడి ఉంచితే కణాలు గ్లూకోజ్ తినేస్తాయి, గంటకు సుమారు అయిదు నుంచి ఏడు శాతం. జెల్ ట్యూబును (కణాలకూ సీరానికీ మధ్య జెల్ అడ్డు ఉండేదాన్ని) సెంట్రిఫ్యూజ్‌లో రెండోసారి తిప్పకండి. జెల్ కింద చేరిన పొటాషియం పైకి వస్తుంది.

లేబుల్ సంగతి ఇంకా అడుగుతున్నారు. రక్తం తీశాక, రోగి ఎదుటే, కుర్చీలోంచి లేవకముందే అంటించాలి. ‘మీరు ఫలానావారే కదా’ అని అడగకండి, సగం మంది తలూపుతారు. పేరేమిటని, పుట్టిన తేదీ ఏమిటని అడగండి.

ఇంత చదివాక పెద్ద పొటాషియం కనబడగానే ‘శాంపిల్ తప్పు’ అని కొట్టిపారేయాలనిపిస్తుంది. అలా చేయకండి. నిజంగా 6.5 ఉన్న మనిషి గుండె లయ తప్పవచ్చు. ముందు డాక్టరుకు ఫోను చేసి, అనుమానం ఉంటే అదీ చెప్పి, వెంటనే కొత్త శాంపిల్ తీయాలి. కారణాలు ఆ తర్వాత వెతుక్కోవచ్చు.

అభ్యాసం. కింద ఆరు రిపోర్టులున్నాయి. ప్రతిదానికీ ఏం జరిగి ఉంటుందో, ఎందుకలా అనుకుంటున్నారో, తర్వాతి పది నిమిషాల్లో ఏం చేస్తారో రాయండి. ‘మళ్లీ తీస్తాను’ అన్న ఒక్క ముక్కకు మార్కులు లేవు. మళ్లీ తీసినా అదే చేత్తో అలాగే తీస్తే ఏం లాభం?

ఒకటి: పొటాషియం 6.4, ఏఎస్‌టీ 96, ఎల్‌డీహెచ్ బాగా ఎక్కువ (రెండూ కణాల లోపల ఉండే ఎంజైములు), సీరం గులాబీ రంగు.

రెండు: పొటాషియం 5.7, కాల్షియం 7.9, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 31, సీరం తేట.

మూడు: సోడియం 119, పొటాషియం 2.3, గ్లూకోజ్ 860. రోగికి సెలైన్ స్టాండు ఉంది.

నాలుగు: పొటాషియం 6.1, కాల్షియం మామూలే, గ్లూకోజ్ 31, సీరం తేట, మనిషి హుషారుగా ఉన్నాడు. రక్తం పొద్దున్నే తీశారు, ల్యాబ్‌కు చేరింది సాయంత్రం.

అయిదు: ప్లేట్‌లెట్లు 22 వేలు, పోయిన వారం 2 లక్షల 40 వేలు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, ట్యూబు గీత దాకా నిండింది. దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ కావాలి.

ఆరు: పొటాషియం 6.7, కాల్షియం 8.3, క్రియాటినిన్ (మూత్రపిండాలు వడగట్టే వ్యర్థం) 5.9, సీరం తేట, టోర్నికెట్ నలభై సెకన్లు, గుప్పిట తెరిచే ఉంది, ఊదా ట్యూబు చివర్లోనే తీశారు. దీని జవాబు రాసేముందు మిగతా అయిదూ ఇంకోసారి చదవండి.