కొలతల డేటాలో అనిశ్చితిని సరిగ్గా నమోదు చేయడం, లెక్కించడం

ఫైలులో "25.3 ± 0.4" అని మాత్రమే ఉంటే, ఆ 0.4 ప్రామాణిక విచలనమో, సుమారు 95 శాతం విశ్వాసంతో ఇచ్చిన విస్తృత అనిశ్చితో, తయారీదారు చెప్పిన గరిష్ఠ హద్దో తర్వాత చదివేవారికి తెలిసే మార్గం లేదు. అందువల్ల అలాంటి ప్రతి అంకెనూ ముందుగా ప్రామాణిక అనిశ్చితిగా, అంటే ఒక ప్రామాణిక విచలనం రూపంలోకి మార్చి, ఆ విషయాన్ని యూనిట్‌తో సహా కాలమ్ పేరులోనో మెటాడేటాలోనో రాయాలి. 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రచురించిన, "గమ్" అనే పొట్టి పేరుతో వ్యవహరించే, కొలతల అనిశ్చితిపై మార్గదర్శిని చెప్పే పద్ధతి కూడా ఇదే.

ఉదాహరణకు ఒక డిజిటల్ థర్మామీటర్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో, కవరేజి గుణకం (ప్రామాణిక అనిశ్చితిని ఎన్ని రెట్లు చేసి ఇచ్చారో చెప్పే సంఖ్య) 2తో, ±0.4 డిగ్రీలని ఉందనుకుందాం. దాన్ని 2తో భాగిస్తే 0.2 వస్తుంది. తెరపై 0.1 డిగ్రీ వరకే కనిపిస్తుంది కాబట్టి అసలు విలువ అటూ ఇటూ 0.05 లోపు ఎక్కడైనా ఉండవచ్చు. ఆ హద్దుల మధ్య ప్రతి విలువకూ సమాన అవకాశం ఉందనుకుంటే, ప్రామాణిక అనిశ్చితి కోసం దీన్ని 3 వర్గమూలంతో భాగించాలి: 0.029.

ఇప్పుడు అదే థర్మామీటర్‌తో 25.3, 31.8 డిగ్రీలు కొలిచి తేడా తీద్దాం. స్వతంత్రమైన అనిశ్చితులను కలపాలంటే వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. రెండు రీడింగులూ పరస్పరం స్వతంత్రమని భావిస్తే తేడాలో అనిశ్చితి 0.29 వస్తుంది. కాలిబ్రేషన్ దోషం రెండింటిలోనూ ఒకే పరిమాణంలో ఉందనుకుంటే తీసివేతలో అది పోతుంది, మిగిలేది 0.04 మాత్రమే. సగటు తీస్తే కథ తిరగబడుతుంది: స్వతంత్రమనుకుంటే 0.14, సరైన విలువ 0.20. ఒకచోట అనవసరమైన భయం, మరోచోట లేని ధీమా. రెండో తప్పే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. కనుక ఉమ్మడి దోషానికి వేరే కాలమ్ ఉంచాలి, లేదా కోవేరియన్స్ మాత్రికను (విలువల దోషాలు ఎంతవరకు కలిసి మారతాయో చూపే పట్టికను) విలువలతో పాటే భద్రపరచాలి.

పైథాన్‌లోని అన్‌సర్టెన్టీస్ లైబ్రరీ ఈ సంబంధాలను తానే గుర్తుపెట్టుకుంటుంది. ఒక చలరాశి నుంచి అదే చలరాశిని తీసివేస్తే అనిశ్చితి కూడా సున్నాయే అవుతుంది. అయితే విలువనూ అనిశ్చితినీ సీఎస్‌వీలో రాసి మళ్లీ చదివితే ఆ బంధం తెగిపోతుంది. ఇది ఏ హెచ్చరికా లేకుండా జరుగుతుంది.

పైథాన్‌లోనే మరో లైబ్రరీ అయిన సైపైలో, డేటాకు వక్రరేఖను అమర్చే కర్వ్ ఫిట్‌ను వాడేవారు అబ్సల్యూట్ సిగ్మా ఐచ్ఛికాన్ని తప్పక చూడాలి. మనం మార్చకపోతే అది "ఫాల్స్"గానే ఉంటుంది. అంటే మీరిచ్చిన అనిశ్చితులను సాపేక్ష భారాలుగా మాత్రమే తీసుకుని, పారామితుల కోవేరియన్స్‌ను డేటా చెదురును బట్టి సవరిస్తుంది. మీ అనిశ్చితులు కొలత యూనిట్లలో నిజంగా అంచనా వేసినవైతే "ట్రూ" అని మార్చాలి.

అనిశ్చితి తెలియని గడిని ఖాళీగా వదలాలే గానీ సున్నా వేయకూడదు: కొలత సంపూర్ణంగా కచ్చితమన్న అర్థం రావడమే కాక, అనిశ్చితి తక్కువైన విలువకు ఎక్కువ భారమిచ్చే భారిత సగటులో సున్నాతో భాగహారం ఎదురవుతుంది. ఫైలులో అన్ని అంకెలనూ ఉంచి, నివేదికలో మాత్రమే అనిశ్చితిని రెండు సార్థక అంకెలకు కుదించి, విలువను కూడా అదే దశాంశ స్థానం వరకు చూపాలి.