పుట్టి ఎక్కే ముందే గట్టు మీద ముగించాల్సిన గాలం పని

కృష్ణా, తుంగభద్ర తీరాల్లో జాలరులు వాడే పుట్టి అనే గుండ్రని పడవకు ముందూ వెనుకా అంటూ ఉండవు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పూర్వం తోలు, తర్వాతి కాలంలో తారు పూసిన పట్టా కప్పేవారు. ఇప్పుడు ఫైబరు పుట్టీలు కూడా వచ్చాయి. అడుగు బల్లపరుపుగా ఉండటం వల్ల మోకాలి లోతు నీళ్లలో, రాళ్ల మీదుగా కూడా అది సులువుగా పోతుంది. అయితే మనిషి ఒక పక్కకు ఒరిగితే అదీ ఆ పక్కకే ఒరుగుతుంది, తెడ్డు ఆపితే గుండ్రంగా తిరుగుతుంది. అందుకే రెండు చేతులూ, చూపూ అవసరమయ్యే ముడి వేయడం, సీసం గుండ్లు బిగించడం, నీటిపై తేలే బెండు సరిచూడటం వంటి పనులన్నీ గట్టు మీదనే పూర్తి చేసుకుని, పుట్టిలో ఎర గుచ్చి గాలం విసరడం మాత్రమే మిగిలేలా చూసుకోవాలి. ఒకసారి నేను నీటి మధ్యలో గాలం మార్చబోగా పుట్టి కుదిపింది, గాలపు ముల్లు బొటనవేలిలో దిగబడింది. వెనక్కి లాగితే మాంసం చీరుతుంది కనుక తంగూసు (గాలానికి కట్టే నైలాను దారం) తెంపి, ముల్లుతోనే ఒడ్డుకు వచ్చి, వైద్యుని చేత తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకున్నాను. ఆనాటి నుంచి గాలపు మొనకు కాస్త వెనుక ఉండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి చదును చేశాకే గాలాన్ని పెట్టెలో పెడుతున్నాను. ఎదురుముల్లు లేకున్నా తంగూసును బిగువుగా ఉంచితే చేప జారిపోదు, పట్టిన చిన్న చేపను గాయం లేకుండా వదలడమూ తేలికవుతుంది.

సరంజామా ఎంపిక చేప నోటిని బట్టి జరగాలి. బొచ్చె నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పై పొరల్లో సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. శీలావతి అని పిలిచే రోహు నడి నీటిలో, మ్రిగాల అడుగు బురదలో మేస్తాయి. బొచ్చెకు వేసే ఎరను అడుగున పడేసి గంటల తరబడి కూర్చోవడం వృథా. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క పొడి కలిపి, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ, పిడికిట్లో నొక్కితే ఉండగా నిలిచి, బొటనవేలితో ఒత్తితే విడిపోయేటంత పదునులో ఎరను సిద్ధం చేయాలి. ఆ ఉండ నీటిలో మెల్లగా కరిగి మబ్బులా పరుచుకుంటే, ఆ మబ్బును పీల్చే బొచ్చె దానితో పాటు గాలాన్నీ నోట్లోకి తీసుకుంటుంది. పిండి ఎక్కువ తడిసి జిగురైతే ఉండ కరగదు, బొచ్చె దాని జోలికి రాదు.

ఈ మూడు చేపలకూ 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల తంగూసు సరిపోతుంది. ఎండకు నైలాను బలం కోల్పోతుంది కనుక తంగూసు చుట్టిన రీలును కారు అద్దం వెనుక వదిలేయకూడదు. బయలుదేరే ముందు చివరి రెండు మీటర్ల తంగూసును బొటనవేలి గోరుకూ చూపుడువేలికీ మధ్య మెల్లగా లాగాలి. ఎక్కడైనా గరుకు తగిలితే అంతవరకూ కోసి పారేయాలి. ముడి వేసేటప్పుడు తంగూసును గాలం కంటిలో దూర్చి, దాని మీదనే ఐదారు మెలికలు చుట్టి, కొసను కంటి దగ్గరి చిన్న ఉచ్చులోంచి, ఆపై ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి తీసి, ఉమ్మితో తడిపి నిదానంగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి, ముడి ఉన్నచోటే తెగుతుంది. రీలు బిగువును కూడా గట్టు మీదే చూసుకోవాలి: 6 కిలోల బరువు ఓర్చే తంగూసు అయితే, కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగినప్పుడు 1.5 నుంచి 2 కిలోల మధ్య రీలు తంగూసును వదలాలి.

జీలుగు బెండుతో చేసినదైనా, కొన్న ప్లాస్టిక్ బెండైనా, బకెట్ నీళ్లలో పెట్టి, సెంటీమీటరు మేర కొస మాత్రమే పైకి కనిపించేలా సీసం గుండ్లు చేర్చాలి. మ్రిగాల కోసం చివరి గుండును గాలానికి నాలుగు అంగుళాల పైన బిగించి, అది అడుగున ఆనేలా లోతు సరిచూడాలి. చేప ఎరతో పాటు ఆ గుండునూ పైకెత్తగానే బెండు మునగడానికి బదులు పైకి లేచి పక్కకు వాలుతుంది, అప్పుడే లాగాలి. బెండు మునిగేదాకా ఆగిన కొత్తవారు చాలా చేపలను ఇక్కడే పోగొట్టుకుంటారు.

కొర్రమీను సంగతి వేరు. తామర, గుర్రపుడెక్క మధ్య దాగి, గాలి పీల్చడానికి పైకి వచ్చే ఈ చేపకు సన్నని తంగూసు పనికిరాదు. 15 కిలోలకు పైగా ఓర్చే అల్లిక దారం, ఎరగా గాలపు మొన దాచిన రబ్బరు కప్ప కావాలి. అది కప్పను పట్టగానే లాగకుండా, ఒకటి, రెండు అని లెక్కపెట్టి లాగాలి. వానాకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే కింద కాపలాగా తల్లిదండ్రులు ఉంటాయి. దయచేసి అక్కడ గాలం వేయకండి. కాపలా చేపను తీస్తే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే కాబట్టి ఈ మాట మరింత పట్టుదలగా చెబుతున్నాను.

పుట్టిలోకి దిగేటప్పుడు అంచు మీద కాకుండా నడి మధ్యలో అడుగు పెట్టి వెంటనే కూర్చోవాలి. లైఫ్ జాకెట్ గట్టు మీదే తొడుక్కుని, భుజాల దగ్గర పట్టి ఎవరిచేతనైనా పైకి లాగించాలి. అది చెవుల దాకా లేస్తే పట్టీలు వదులుగా ఉన్నట్లే. ట్యూబు, థర్మోకోల్ ముక్క దానికి బదులు కావు. తెడ్డు వేసేవారు పోయే దిక్కుకు ముఖం పెట్టి, ముందు నీటిని తమ వైపు లాక్కుంటూ, కుడి ఎడమలకు మార్చి మార్చి వేయాలి. రెండో మనిషి ఎదురుగా బరువు తూగేలా కూర్చోవాలి. చేప దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పక్కకు వంగితే పుట్టి బోల్తా పడవచ్చు. కనుక గాలం ఉన్నవారే చేపను ఎత్తే వల బుట్టనూ పట్టాలి, తెడ్డు ఉన్నవారు అవతలి పక్క కదలకుండా ఉండాలి. లంగరు రాయి తాడు నీటి లోతుకు మూడింతలు ఉండాలి, ఒక్క లాగుకు ఊడే జారుముడితో అంచుకు కట్టాలి. నడుముకు గాని కాలికి గాని ఎన్నడూ కట్టుకోరాదు. ప్రవాహం ఉన్నచోట లంగరే వద్దు.

వేసవి మధ్యాహ్నాల్లో ఈదురుగాలి చెప్పకుండా వస్తుంది కాబట్టి తెల్లవారుజామున వెళ్లి ఎండ ముదరకముందే ఒడ్డు చేరడం మేలు. ఉరుము వినిపిస్తే గాలపు రాడ్డు కింద పెట్టి ఒడ్డుకు రావాలి, కార్బన్ రాడ్డు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే తిరిగి వెళ్లాలి. ఆనకట్ట గేట్లకు పైనా కిందా దగ్గరగా పుట్టి వేయకూడదు. మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి. అటువంటి రక్షిత ప్రాంతాల్లో, నాగార్జునసాగర్ వెనుక జలాల్లో పులుల అభయారణ్యం పరిధిలోకి వచ్చే భాగంలో గాలం వేసే ఆలోచనే పెట్టుకోవద్దు. ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘానిది. ముందు రోజే వారిని కలిసి అనుమతి అడిగితే, లోతు ఎక్కడుందో, ముళ్లకంప ఎక్కడ మునిగి ఉందో కూడా వారే చెబుతారు.

ఒడ్డుకు చేరాక రీలును మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. కోసిన తంగూసు ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసి ఇంటికి తీసుకెళ్లాలి. గట్టున వదిలితే అవి కొంగల, నీటికాకుల కాళ్లకు చుట్టుకుంటాయి.