యాభై ఏళ్ళకి లేఆఫ్ అయితే మళ్ళీ ఉద్యోగం ఎలా వెతకాలి

డేటాబేస్ అడ్మిన్‌గా, అంటే కంపెనీల సమాచారం దాచే వ్యవస్థల్ని చూసుకునే పనిలో, ఇరవై నాలుగేళ్ళు చేశాను. చివరి పదకొండేళ్ళూ హైదరాబాద్‌లో ఒకే కంపెనీ. 2024 ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం హెచ్ఆర్ వాళ్ళు కాల్ పెట్టి, పావుగంటలో విషయం తేల్చేశారు. అప్పటికి నాకు యాభై నిండాయి. ఫ్లాట్ ఖాళీ చేసి, అమ్మ ఉంటున్న గుంటూరు బ్రాడీపేట ఇంటికి వచ్చేశాం. తొమ్మిది నెలలకి మళ్ళీ పని దొరికింది. అందులో మొదటి నాలుగు నెలలు నేను తప్పు దారిలో వెతికాను. మీకు ఆ నాలుగు నెలలు మిగలాలని రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. కాల్‌లోనే "మీరే రిజైన్ చేసినట్టు మెయిల్ పెట్టండి, రికార్డు బాగుంటుంది" అంటారు. ఆ నిమిషంలో దేనికీ ఒప్పుకోవద్దు. నోటీస్ పీరియడ్ జీతం ఎంత, మిగిలిన సెలవుల డబ్బు ఎంత, రిలీవింగ్ లెటర్ ఏ తేదీకి ఇస్తారు, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకున్నాకే జవాబివ్వండి. అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి కంపెనీ చివర్లో ఇచ్చే సొమ్ము, మీ హక్కు. 2024లో నా లెక్క ఇలా వేశారు: చివరి బేసిక్‌ని (డీఏ ఉంటే అదీ కలిపి) 15తో హెచ్చవేసి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో మళ్ళీ హెచ్చవేయాలి. నా బేసిక్ 60 వేలు, సర్వీసు 11 ఏళ్ళు, కాబట్టి 3 లక్షల 80 వేలు వచ్చింది. వాళ్ళ లెక్క వచ్చేలోపు మీ లెక్క మీ దగ్గర ఉండాలి.

పీఎఫ్ జోలికి వెంటనే వెళ్ళకండి. ఉద్యోగం పోయినా బ్యాలెన్స్ మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. పదేళ్ళ సర్వీసు ఉంటే 58కి పెన్షన్ హక్కు కూడా ఉంటుంది. పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి, మీరు మానేసిన తేదీ పడిందో లేదో మాత్రం చూసుకోండి. కంపెనీ వెయ్యకపోతే, చివరి జమ పడిన రెండు నెలల తర్వాత మీరే పోర్టల్‌లో వేసుకోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. కంపెనీ గ్రూప్ పాలసీ మీ చివరి పనిరోజుతో ఆగిపోవచ్చు. ఆ రోజుకి ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, సొంత పాలసీకి మార్చమని అడగండి. మా అమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. నేను పది రోజులు ఆలస్యంగా అడిగాను. మళ్ళీ కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది, పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం) మొదటి నుంచి మొదలైంది. ఇప్పటికీ బాధగానే ఉంది.

వయసు చూసి తీసేశారు, కేసు వెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్షని నేరుగా ఆపే చట్టం లేదు. రాజ్యాంగంలో 15, 16 అధికరణాలు మతం, కులం, లింగం, పుట్టిన చోటు లాంటివి చెబుతాయి, వయసు ఆ జాబితాలో లేదు. అమెరికాలో 1967 నుంచే నలభై దాటినవాళ్ళ కోసం చట్టం ఉంది. అక్కడ ఒకేసారి చాలామందిని తీసేస్తూ, కేసు వెయ్యబోమని రాయించుకునే పక్షంలో, నలభై దాటినవాళ్ళకి ఆ కాగితం చదువుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కొడుకు ఈ సంగతి తెలియక రెండో రోజే సంతకం పెట్టేశాడు. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోయాక అక్కడ ఉండే గడువు మహా అయితే 60 రోజులే కాబట్టి కంగారు పడతారు. ఆ గడువు వేరు, ఈ కాగితం గడువు వేరు. మీవాళ్ళు ఎవరైనా అక్కడుంటే ఈ ముక్క చెప్పండి.

ఇక వెతకడం. నేను నాలుగు నెలల్లో నౌక్రీ అనే జాబ్ పోర్టల్‌లో 180 అప్లికేషన్లు పెడితే మూడు కాల్స్ వచ్చాయి. ఎందుకో తర్వాత ఒక రిక్రూటర్ అమ్మాయి విడమరిచి చెప్పింది. వాళ్ళు వెతికేటప్పుడు అనుభవం "8 నుంచి 12 ఏళ్ళు" అని పెడతారు. 24 ఏళ్ళున్న మనిషి ఆ వెతుకులాటలో కనిపించనే కనిపించడు. మనల్ని ఎవరూ చూసి కాదనలేదు, అసలు చూడనేలేదు. అందుకే పోర్టల్‌కి రోజుకి అరగంట చాలు. మిగతా టైం మనుషులకి పెట్టండి.

అలాగని అనుభవం తక్కువ చేసి అబద్ధం రాయకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తే ఎక్కడ ఎన్నేళ్ళు చేశారో మొత్తం బయటపడుతుంది. రెజ్యూమెలో చివరి పన్నెండేళ్ళ పని వివరంగా రాసి, అంతకు ముందుది రెండు లైన్లలో ముగించండి. డిగ్రీ పక్కన సంవత్సరం రాయకపోయినా తప్పు లేదు. అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.

నా పాత రెజ్యూమె ఆరు పేజీలు. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. అది చదివి, "నాన్నా, ఇందులో నీకు ఏం అప్పజెప్పారో ఉంది, నువ్వు ఏం చేశావో లేదు" అంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తిరగరాశాం. "ఒరాకిల్ డేటాబేస్‌ల నిర్వహణ బాధ్యత" అన్న లైన్ తీసేసి, "నెలాఖరు బిల్లింగ్ జాబ్ 14 గంటలు పట్టేది, రెండు ఇండెక్సులు మార్చి, పార్టిషన్లు వేసి 5 గంటలకి తెచ్చాను" అని రాశాం. ఇలాంటివి ఎనిమిది దొరికాయి. ఆరు పేజీలు రెండయ్యాయి. మీరూ ఇంట్లో చిన్నవాళ్ళ చేత చదివించండి, వాళ్ళకి అర్థంకాని లైన్ రిక్రూటర్‌కీ అర్థంకాదు.

మనుషుల దగ్గరికి వెళ్ళాలంటే ముందు సిగ్గు వదలాలి. నేను అమ్మకి రెండు నెలలు చెప్పలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి తలుపు వేసుకుని కూర్చునేవాణ్ణి. చెప్పాక అమ్మ "నాతో ఎందుకు అనలేదురా" అని మాత్రం అంది, ఇంకేమీ అడగలేదు. ఆ మర్నాడే ఫోన్ తీసి, పాతికేళ్ళలో నాతో పనిచేసినవాళ్ళ పేర్లు కాగితం మీద రాశాను. అరవై రెండు వచ్చాయి. పైవాళ్ళే కాదు, జూనియర్ల పేర్లు కూడా రాయండి. వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఉద్యోగాలిచ్చే సీట్లలో ఉన్నారు.

"ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి" అని మెసేజ్ పెట్టకండి, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. నా పాత టీమ్‌లో పనిచేసిన ఒక అమ్మాయికి నేను ఇలా పెట్టాను: "అమ్మా, బాగున్నావా. ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మార్చే పని చూస్తున్నాను, కాంట్రాక్ట్ అయినా ఫర్వాలేదు. మీ దగ్గర ఆ పని ఎవరు చూస్తారో పేరు చెబితే చాలు." ఈ అమ్మాయి 2013లో నా టీమ్‌లో చేరింది. ఒకసారి రాత్రి రెండింటికి డేటాబేస్ పడిపోతే, తెల్లవారేదాకా ఇద్దరం లైన్‌లో ఉండి నిలబెట్టాం. నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు. ఇప్పుడున్న పని తన ద్వారానే వచ్చింది.

పోస్ట్‌గ్రెస్ కూడా ఒరాకిల్ లాంటి డేటాబేసే, కానీ నాకు అంతకు ముందు రాదు. అది ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. మూడు నెలలు రోజూ ఉదయం కూర్చుని నేర్చుకున్నాను. మీ పాత విద్యకి ఆనుకుని ఉన్న కొత్తది ఒక్కటే పట్టుకోండి. పది సర్టిఫికెట్లు వెనకేసుకోవడం కన్నా అది మేలు.

నేర్చుకున్నది ఎక్కడైనా నిజంగా వాడి చూడాలి. మిర్చి యార్డు దగ్గర తెలిసినవాళ్ళ కోల్డ్ స్టోరేజీ ఉంది. ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఛాంబర్‌లో ఉన్నాయో ఆ లెక్కంతా ఒకే కంప్యూటర్‌లో, బ్యాకప్ లేకుండా పెట్టుకున్నారు. రెండు వారాలు వెళ్ళి దాన్ని పోస్ట్‌గ్రెస్‌లోకి మార్చి, రోజూ రాత్రి బ్యాకప్ అయ్యేలా పెట్టాను. 40 వేలు ఇచ్చారు. డబ్బు కన్నా ఎక్కువ ఇంటర్వ్యూలో పనికొచ్చింది, "ఈమధ్య ఏం చేశారు" అంటే చెప్పడానికి తాజా పని ఉంది. మంగళగిరిలో, గన్నవరం పక్క కేసరపల్లిలో ఐటీ ఆఫీసులకీ వెళ్ళాను. నేను కనుక్కున్నంత వరకు ఎక్కువగా ఫ్రెషర్ల కోసమే చూస్తున్నారు. మీరు వెళ్తే కాంట్రాక్ట్ గురించి అడగండి.

ఇంటర్వ్యూలో "మీరు మాకన్నా సీనియర్ కదా సార్, మా టీమ్‌లో ఇమడగలరా" అని అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. చెప్పిన మాట వింటాడా, కొత్తది నేర్చుకుంటాడా, ఇదే వాళ్ళ అనుమానం. "పేరు పెట్టి పిలవండి" అని మొదలుపెట్టి, మీకన్నా చిన్నవాళ్ళ దగ్గర ఏదైనా నేర్చుకున్న సంగతి ఒకటి చెప్పండి. "మా రోజుల్లో" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి.

లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం అని ఫోన్లు వస్తాయి. ఉద్యోగం కోసం ఎవరికీ రూపాయి కూడా కట్టకండి. మనం భయంలో ఉన్నామని తెలిసే చేస్తారు.

జీతం మాట్లాడేటప్పుడు పాతదాంతో పోల్చకండి. ఇంటికి నెలకి కచ్చితంగా ఎంత కావాలో ముందే రాసుకోండి. నేను పాత జీతానికి ముప్ఫై శాతం తక్కువకి ఒప్పుకున్నాను. ఇక్కడ అద్దె లేదు కాబట్టి సరిపోతోంది. కాంట్రాక్ట్ అయితే పీఎఫ్, ఇన్సూరెన్స్, జీతంతో సెలవులు ఉండకపోవచ్చు. వాటి ఖరీదు రేటులో కలిపి అడగండి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. కాంట్రాక్ట్ ముగియడానికి రెండు నెలల ముందే ఆ పేర్ల కాగితం మళ్ళీ తీయండి. నాది మార్చితో అయిపోతుంది, సంక్రాంతి వెళ్ళగానే ఫోన్లు మొదలుపెడతాను.