పిల్లికూనకు జలుబు చేస్తే ముందు ముక్కు, తర్వాతే తిండి

తల్లి లేని కూనల్ని చేరదీసి పెంచుతుంటాను. వాటిలో జలుబు పడనిది అరుదు. తుమ్ములు, చీమిడి, పుసులతో అతుక్కుపోయిన కళ్లు. చాలావరకు దీనికి కారణం హెర్పిస్ వైరస్, లేదంటే కాలిసి వైరస్. మనకు టెన్షన్ పెట్టేది తుమ్ములే అయినా, కూన ప్రాణం మీదకు తెచ్చేది తిండి మానేయడం. పిల్లికి ఆకలి పుట్టించేది వాసన. ముక్కు మూసుకుపోతే ఎంత మంచి తిండి పెట్టినా ముట్టదు. అందుకే నేను గిన్నె పెట్టేముందు ముక్కు సంగతి చూస్తాను.

స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, తలుపు మూసి, గది ఆవిరితో నిండాక కూనను ఒళ్లో పెట్టుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోండి. మరిగే నీళ్ల గిన్నె మీదకు మాత్రం దాన్ని వంచకండి, ఒళ్లు కాలుతుంది. ఆ నీళ్లలో కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం లాంటివేవీ కలపకూడదు. మనకు హాయినిచ్చే ఆ ఘాటు పిల్లులకు విషం. ఆవిరికి చీమిడి మెత్తబడుతుంది కాబట్టి వెంటనే తడిగుడ్డతో ముక్కు తుడవండి. కళ్లకు కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూది వాడండి. పుసులు నానేదాకా అద్ది ఉంచి, తర్వాత ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వద్దు.

ఇప్పుడు తిండి. మెత్తని తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన పైకొస్తుంది. ఒక నల్లకూన గిన్నె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆవిరి పట్టాక వెచ్చని చేప గుజ్జు వేలికి రాసి మూతికి అందిస్తే నాకింది, ఆ తర్వాత గిన్నెలోదీ తింది. అలా కూడా తినకపోతే సిరంజితో పట్టాలి. కూనను బోర్లా, నాలుగు కాళ్ల మీదే ఉంచి, నోటి పక్క నుంచి చుక్కలు చుక్కలుగా, మింగనిచ్చి పట్టండి. వెల్లకిలా పట్టుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు ముందు వెచ్చదనం ఇవ్వండి, చలిపట్టిన కడుపు తిండిని అరిగించుకోలేదు. ఆవుపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. రోజూ ఒకే వేళకు తూకం వేయండి. ఎదిగే కూన బరువు తగ్గిందంటే, చూడటానికి హుషారుగా ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే.

నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా ఆవిరి పెడుతూ కూర్చోకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, కన్ను తెరవలేకపోయినా అదే రోజు చూపించండి.

మందుల్లో సొంత వైద్యం వద్దు. పారాసెటమాల్ పిల్లిని చంపేస్తుంది, చిన్న ముక్క కూడా ఇవ్వకూడదు. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలూ వేయకండి. హెర్పిస్ వల్ల కంటిలో పుండు ఉంటే, స్టెరాయిడ్ చుక్కలతో చూపే పోవచ్చు. డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రాస్తే, అది మింగించిన వెంటనే సిరంజితో కొంచెం నీళ్లు పట్టండి. లేకపోతే మాత్ర గొంతు కింద ఇరుక్కుని పుండు పడుతుంది.

ఇంట్లో వేరే పిల్లులుంటే జబ్బు కూనకు వేరే గది, వేరే గిన్నెలు, వేరే దుప్పటి కావాలి. నేను ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి పెట్టి, చివర్లో దీని దగ్గరికి వెళ్తాను. వచ్చాక చేతులు కడుక్కుని, చొక్కా మారుస్తాను. హెర్పిస్ వైరస్ బయట ఒక రోజుకు మించి ఉండదు గానీ, కాలిసి వైరస్ వస్తువుల మీద వారాల తరబడి బతుకుతుంది. మామూలు సబ్బుతో అది పోదు. ముందు మురికి కడిగేసి, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి, వాటితో గిన్నెల్ని, నేలను పది నిమిషాలు తడిగా ఉంచండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరి, ఆ ఘాటు పోయాకే కూనను మళ్లీ ఆ గదిలోకి వదలండి.